అజీజ్‌నగర్ గేటు దాటితే...

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కితే లంగర్‌హౌజ్, బండ్లగూడ దాటాక అప్పా జంక్షన్ వస్తుంది. ఉమ్మడి రాష్ట్రం నాటి పోలీస్ అకాడమీ ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలే ఆ ‘అప్పా’. రాష్ట్రం మారింది, అకాడమీ బోర్డు మారింది. కండక్టర్ నోట్లో పేరు మాత్రం మారలేదు. అక్కడ ఔటర్ రింగు రోడ్డు దాటి అవతలికి వెళ్తే గాలి కాస్త చల్లబడుతుంది. ఎడమచేతి వైపు హిమాయత్‌సాగర్, కుడిచేతి వైపు కాస్త లోపలికి గండిపేట. మధ్యలో మర్రిచెట్ల దారి.

ఈమధ్య ఓ ఆదివారం పొద్దున్నే ఆ బస్సులో కూర్చున్నాను. పక్కన మా అక్క కొడుకు. వాడు అజీజ్‌నగర్‌లోని ఓ ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ చదివి 2025 వేసవిలో బయటపడ్డాడు. అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది. వీసా ఇంటర్వ్యూకి తేదీ కూడా వచ్చింది. ఇక మిగిలింది చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలే! అక్కకి మోకాళ్ల నొప్పులు. ‘‘మీ మామను తోల్కపో, ఒక్కనివే పోకు’’ అని వికారాబాద్ నుంచి ఫోన్లో ఆర్డరేసింది. అలా నాకూ ఆ పుణ్యంలో వాటా దొరికింది.

గుడికి పోయే ముందు వాడు చదువుకున్న ఊరు చూద్దామని అజీజ్‌నగర్ గేటు దగ్గరే దిగాం. ‘గేటు’ అంటే నిజంగా గేటేమీ ఉండదు. ఈ దారిన ఊళ్లోకి మలుపు తిరిగే చోటల్లా గేటే. నాలుగు హాస్టళ్లు, జిరాక్సు కొట్లు, ఇడ్లీ బండి, ఫోన్లకి గాజు పలకలు అతికించే కుర్రాడు, బిర్యానీ హోటలు... ఒక కాలేజీ చుట్టూ పుట్టుకొచ్చే సరంజామా అంతా అక్కడుంది. ఆదివారం కాబట్టి టీకొట్టు బెంచీ మీద నలుగురు పిల్లలు ఫోన్లు అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే ‘‘వెనక ఉన్నడు, వెనక ఉన్నడు’’ అని అరుచుకుంటున్నారు. మా వాడు వాళ్ల ఫోన్లలోకి తొంగిచూసి, పరిచయం లేకపోయినా ఏదో సలహా ఇచ్చాడు. వాళ్లూ ఏమీ అనుకోలేదు. మా రోజుల్లో క్యారమ్స్ బల్ల చుట్టూ మూగినవాళ్లం ఇలాగే ఉండేవాళ్లం.

కొట్టు గోడమీద ఒక బోర్డు. ‘మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు.’ కింద దాహమేస్తే తాగమని కుండ. టీ తాగుతూ ఆ బోర్డు కిందే కూర్చున్నాం. హైదరాబాద్ జిల్లాల్లో పెరిగిన పిల్లలకు ఆ బోర్డు ‘పొగ తాగరాదు’ బోర్డులాంటిదే. ఉంటుంది, ఎవరూ చదవరు.

జీవో చాటున ఫామ్‌హౌస్‌లు

ఇంత నగరం పక్కన ఇంత ఖాళీ నేల ఎలా మిగిలిందో చెప్పాలంటే మూసీ దగ్గరికి వెళ్లాలి. 1908 వరదల్లో నగరం మునిగి వేలమంది పోయాక, మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మొదటిదాన్నే మనం గండిపేట అంటాం. ఆ నీళ్లు చెడిపోకుండా 1996 మార్చిలో 111 నంబరు జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా, 84 ఊళ్లలో ఫ్యాక్టరీలు, పెద్ద భవనాలు కట్టకూడదన్నారు. మొయినాబాద్ మండలంలోని అజీజ్‌నగర్ కూడా ఆ గీత లోపలిదే. జీవోను ఎత్తేస్తామని ప్రభుత్వాలు అనడం, కోర్టుల్లో వ్యాజ్యాలు పడడం వేరే కథ. ఫ్యాక్టరీలు రాలేదుగానీ మామిడితోటలు, ప్రహరీగోడలు, గోడల వెనక ఫామ్‌హౌస్‌లు వచ్చాయి.

అలాంటి ఓ ఫామ్‌హౌస్ వల్లే అజీజ్‌నగర్ పేరు ఒక రాత్రి దేశమంతా మోగింది. 2022 అక్టోబరు 26. అధికార పార్టీ ఎమ్మెల్యేలు నలుగురిని డబ్బుతో కొనబోయారన్న ఆరోపణపై సైబరాబాద్ పోలీసులు ఇక్కడి తోటలో ముగ్గురిని పట్టుకున్నారు. ముందే ఆ గదిలో రహస్య కెమెరాలు, వాయిస్ రికార్డర్లు పెట్టారు. వారం తర్వాత, మునుగోడు పోలింగు ముగిసిన సాయంత్రమే, అప్పటి ముఖ్యమంత్రి విలేకరులను పిలిచి ఆ వీడియోలు చూపించారు. కేసు హైకోర్టుకెక్కింది. దర్యాప్తును సీబీఐకి ఇవ్వాలని డిసెంబరులో సింగిల్ జడ్జి చెప్పారు, 2023 ఫిబ్రవరిలో డివిజన్ బెంచి దాన్ని సమర్థించింది. ఆపై సుప్రీంకోర్టు. ఎవరు తప్పుచేశారన్నది తేల్చాల్సింది కోర్టులు. నాకు గుర్తుండిపోయింది వేరే. దర్యాప్తు మొదట్లోనే ఉన్న కేసులో సాక్ష్యం కోర్టుకన్నా ముందు టీవీలో ఎలా వచ్చిందని మా వీధిలో ఒక్కరూ అడగలేదు. మాటలు సరిగ్గా వినబడటం లేదని మాత్రం అన్నారు.

ఆ రాత్రి మావాడు ఇక్కడి హాస్టల్లోనే ఉన్నాడు. రెండో సంవత్సరం. ‘‘అమ్మ పది సార్లు ఫోన్ చేసింది మామా. టీవీల అజీజ్‌నగర్ అని వస్తున్నది, నువ్వు రూముల్నే ఉన్నవా అని. నేనేమో మ్యాచ్‌ల ఉన్న. ఒక్కసారి ఎత్తిన. చచ్చిపోయిన.’’ చచ్చింది ఆటలో. అక్కకి మాత్రం ఆ మాట అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట పట్టిందట.

ఆ ప్రభుత్వం 2023 డిసెంబరులో పోయింది. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడింది. ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, ఇంకా ఎందరివో ఫోన్లు రహస్యంగా విన్నారని, ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని కొందరు పోలీసు అధికారుల మీద ఆరోపణ. ఆ వార్తలు వచ్చిన కొత్తలో మా ఆఫీసులో ‘‘ఫోన్లో వద్దు, కలిసినప్పుడు చెప్తా’’ అనడం ఒక సరదా అయిపోయింది. రెండు మూడు నెలలకి అది సరదా అన్న సంగతి మర్చిపోయి అలవాటుగా అనడం మొదలుపెట్టాం.

నచ్చిన నిషేధం

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పుకోవాలి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించినప్పుడు నేను సంతోషించాను. మామూలు సంతోషం కాదు, అక్కకి ఫోన్ చేసి ‘పీడ విరగడైంది’ అన్నాను. మావాడప్పుడు ఇంటర్. ఆన్‌లైన్ క్లాసు పేరుతో ఫోను, ఫోను పేరుతో పబ్జీ. అన్నం ముందు కూడా ఎడం చేత్తో ఆడేవాడు. వాడు రెండ్రోజులు అలిగి మాట్లాడలేదు. దేశంలోని తల్లిదండ్రుల్లో చాలామంది ఆ రోజు నాలాగే అనుకుని ఉంటారు.

ఆ నిషేధానికి ఆధారం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షను. దేశ భద్రత, సార్వభౌమత్వం వంటి కారణాలతో దేన్నైనా ఆపవచ్చు. 2009లో చేసిన నిబంధనల్లో 16వది ఆ ఫిర్యాదులను, చర్యలను రహస్యంగా ఉంచాలంటుంది. పబ్జీ వెనకున్న చైనా సంస్థ విషయంలో ప్రభుత్వానికి కారణం ఉండి ఉండవచ్చు. కానీ అదే సెక్షను, అదే రహస్యం తర్వాత కార్టూన్లకి, వార్తా చానళ్లకి, రైతు ఉద్యమం వేళ ట్విట్టర్ ఖాతాలకి కూడా వాడితే నాకు నచ్చలేదు. మావాడు నవ్వాడు. ‘‘మా గేమ్ పోయినప్పుడు నువ్వు చప్పట్లు గొట్టినవ్ కదా మామా!’’ అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఆ ఆట కథ కూడా తమాషాగానే నడిచింది. 2021 జులైలో కొత్త పేరుతో తిరిగొచ్చింది. 2022 జులైలో మళ్లీ స్టోర్లలోంచి మాయమైంది. 2023 మేలో మళ్లీ వచ్చింది. ప్రతిసారీ ఎందుకు పోయిందో, ఎందుకొచ్చిందో ఆడే పిల్లలకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ‘‘వానలెక్క. పడితే పడ్తది, పోతే పోతది’’ అన్నాడు వాడు.

డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. వాటి మీద తెలంగాణ 2017లోనే ఆర్డినెన్సు తెచ్చింది, రమ్మీని కూడా వదల్లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. మావాడి హాస్టల్ మిత్రుడొకడు సెమిస్టర్ ఫీజు మొత్తం ఫోన్లో పేకాటకి పోగొట్టి, మూడు నెలలు ఇంట్లో చెప్పలేక నలిగాడు. అలాంటి ఇల్లు ఒక్కటి చూసినా ఆ చట్టం అవసరమేననిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ లక్షల మంది ఉద్యోగాలు, అలవాట్లు, అప్పులు ముడిపడ్డ బిల్లు లోక్‌సభలో ఒక రోజు, రాజ్యసభలో మర్నాడు పాసైంది. చర్చ దాదాపు లేదు. మంచి పని కదా, చర్చెందుకు అన్నారు టీవీలో ఒకాయన. మావాడు చానల్ మార్చాడు.

పదకొండు చుట్లు

ఆటో మాట్లాడుకుని చిలుకూరు చేరేసరికి తొమ్మిదైంది. గండిపేట ఒడ్డున చిన్న గుడి. హుండీ ఉండదు, వీఐపీ దర్శనం ఉండదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. లెక్క తప్పకుండా అంకెలున్న కాగితం ఇస్తారు. చుట్టుకో గీత. సాఫ్ట్‌వేర్ కాలం మొదలయ్యాక ఈయనకి ‘వీసా బాలాజీ’ అని పేరు పడిపోయింది. కొత్త అమెరికా కాన్సులేటు కూడా 2023లో గండిపేటకి అటువైపు, నానక్‌రామ్‌గూడలోనే తెరుచుకుంది. దేవుడు ఈ ఒడ్డున, వీసా ఆఫీసరు ఆ ఒడ్డున!

జనం నడక వేగం చూస్తే ఎవరు 11 వాళ్లో, ఎవరు 108 వాళ్లో తెలిసిపోతుంది. 108 వాళ్ల మొహాల్లో చెమటతోపాటు తృప్తి. 11 వాళ్లలో ఆత్రం. మా ముందు నడుస్తున్న ఇద్దరమ్మాయిలు గోవింద నామం మధ్యలో మాట్లాడుకుంటున్నది చెవిన పడింది. ‘‘ఇన్‌స్టా మొత్తం తీసేశావా?’’ ‘‘తీసెయ్యకూడదంటే... ఖాతా అసలు లేకపోయినా అనుమానమేనంట. ఉంచాలి, కానీ అందులో ఏమీ ఉండకూడదు.’’

సంగతేమిటంటే, 2025 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ కొత్త మాట చెప్పింది. చదువుకోసం, శిక్షణకోసం, మార్పిడి కార్యక్రమాలకోసం వచ్చేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను ‘పబ్లిక్’ చేసిపెట్టాలి, అధికారులు చదువుతారు. ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు రాయాలన్న నిబంధన 2019 నుంచే ఉంది. ఇప్పుడు తలుపు తీసి పెట్టమన్నారు. అదే ఏడాది డిసెంబరు నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకీ అదే నియమం. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3.31 లక్షల మంది. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో మన వీధుల్లో తిరిగితే తెలుస్తుంది.

ఏది తప్పు, ఏది ఒప్పు అన్న జాబితా ఎవరూ ఇవ్వలేదు. అందుకే పిల్లలు అన్నీ చెరిపేస్తున్నారు. పాలస్తీనా పోస్టు తీసేస్తారు సరే. ట్రంప్ మీద జోకు తీసేస్తారు సరే. మావాడైతే మూడేళ్ల కిందట ఒక పరీక్ష పేపరు మీద వేసిన మీమ్ కూడా తీసేశాడు. ‘‘అది మన యూనివర్సిటీ మీద కదరా, అమెరికాకేం పని?’’ అన్నాను. ‘‘ఏమో మామా, కోపమున్నోడు అనుకుంటే?’’ అన్నాడు. వాడి భయానికి కారణం ఉంది. కారణం లేకుండా పుట్టిన భయాన్ని తీసెయ్యొచ్చు. ఇది తీసేసేది కాదు.

ఏడో చుట్టు దగ్గర నాకు కాళ్లు లాగాయి. పక్కన కూలబడి గుడివంక చూస్తుంటే 2025 ఫిబ్రవరి 7 గుర్తొచ్చింది. ఇక్కడి ప్రధాన అర్చకులు రంగరాజన్ గారింటికి ఒక గుంపు వచ్చి, తమ ‘రామరాజ్యం’ సైన్యంలోకి మనుషుల్ని చేర్పించమని, డబ్బులివ్వమని అడిగింది. ఆయన కాదన్నందుకు చెయ్యి చేసుకుంది. దాన్ని వాళ్లే వీడియో తీసుకుని వాళ్లే బయటపెట్టారు. పోలీసులు అరెస్టులు చేశారు. జీతమిస్తామని ఆ గుంపు సోషల్ మీడియాలో మనుషుల్ని పిలుచుకుంది. ఉద్యోగ ప్రకటన చూసి వెళ్లినట్టే కొందరు కుర్రాళ్లు వెళ్లారు. ఆ వయసువాళ్లే ఇక్కడ కాగితం మీద గీతలు గీసుకుంటూ తిరుగుతున్నారు. పనిలేకపోతే మన పిల్లల్ని ఎవరు ఏ గుంపులోకి లాక్కెళతారోనన్న బెంగ నాకు ప్రభుత్వాల మీదున్న బెంగకన్నా తక్కువేం కాదు.

పాస్‌పోర్టు చూపించు

తీర్థం, ప్రసాదం అయ్యాక చెట్టు కింద కూర్చున్నాం. ‘‘నీకో గేమ్ చూపిస్తా, తుపాకులు లేవు’’ అని ఫోన్ నా చేతికిచ్చాడు. ‘పేపర్స్, ప్లీజ్’ దాని పేరు. లూకాస్ పోప్ అనే ఒకే ఒక్క మనిషి 2013లో తయారుచేశాడు. తన ప్రయాణాల్లో ఇమిగ్రేషన్ వరసలో నిలబడి నిలబడి ఆ ఆలోచన వచ్చిందట. కథ 1982లో, అర్స్‌టోట్జ్‌కా అనే లేని దేశంలో. అక్కడ సర్కారు మాటే శాసనం. మనం సరిహద్దులో గుమస్తాలం. కాగితాలు చూడాలి, స్టాంపు గుద్దాలి. సరిగ్గా చూసిన ప్రతి మనిషికీ జీతం. తప్పితే హెచ్చరిక, తర్వాత కోత. సాయంత్రానికి ఆ జీతంలోంచే ఇంట్లో తిండి, వేడి, మందులు. ఏదో ఒకటి మానుకోవాలి.

రోజుకో కొత్త నియమం. నాకు మొదట భలే నచ్చింది. తేదీ తప్పు, ఎర్ర స్టాంపు. ఊరి పేరు తప్పు, ఎర్ర స్టాంపు. పావుగంటలో నా చెయ్యి తిరిగిపోయింది. అంతలో ఒకాయన వచ్చాడు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, పంపాను. వెనకే మా ఆవిడ వస్తోంది, కాస్త చూడండి అన్నాడు. ఆవిడ వచ్చింది. ప్రవేశపత్రం లేదు. వెనక్కి పంపితే బతకనివ్వరని బతిమాలింది. నేను ఎర్ర స్టాంపు గుద్దాను. ఆలోచించి కాదు, చెయ్యి అలవాటుపడిపోయింది. ‘‘జీతం పోతదని గుద్దినవా?’’ అడిగాడు వాడు. ‘‘కాదురా, కాగితం లేదు కదా’’ అన్నాను. ఎదురుగా ఇంకో ముప్పై మంది వీసా కోసం గుడిచుట్టూ తిరుగుతున్నారు. ఫోన్ తిరిగిచ్చేశాను.

ఆటలంటే కాలక్షేపమని కొట్టిపారేసే నాలాంటివాళ్లకి వాడు ఇంకో రెండు సంగతులు చెప్పాడు. 2020లో హాంకాంగ్ కుర్రాళ్లు వీధిలోకి రావడానికి వీల్లేక, ‘యానిమల్ క్రాసింగ్’ అనే బొమ్మల ఆటలో తమ దీవుల మీద నినాదాల బ్యానర్లు కట్టారు. ఆ ఏప్రిల్‌లోనే చైనా ఆన్‌లైన్ దుకాణాల్లోంచి ఆ ఆట మాయమైంది. అదే ఏడాది మార్చిలో ‘మైన్‌క్రాఫ్ట్’లో ఒక పెద్ద గ్రంథాలయం కట్టారు. విలేకరుల హక్కుల కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ పని అది. ఈజిప్టు, రష్యా, సౌదీ వంటి దేశాల్లో చదవనివ్వని వ్యాసాలు అందులో పుస్తకాలై ఉంటాయి. వెబ్‌సైటును మూసేవాళ్లు పిల్లల ఆటని మూయడం మర్చిపోయారు.

గ్రంథాలయం అనగానే నాకు మా తాతల కాలం గుర్తొచ్చింది. ఈ మొయినాబాద్ మండలంలోనే పెద్దమంగళారం ఉంది. కొండా వెంకట రంగారెడ్డి పుట్టిన ఊరు, ఇప్పుడు జిల్లాకి ఆయన పేరే. ఆయన తరంవాళ్లు నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి కావాలి. ఆ ఫర్మానానే గస్తీ నిషాన్ 53 అనేవారు. సభలో ఏం మాట్లాడతారో ముందే చెప్పాలి. ఆ రోజుల్లో గ్రంథాలయం తెరవడమే ఒక ఉద్యమం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ ఆ గస్తీని ఎత్తేయమనే ఏళ్లతరబడి అడిగింది. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సభ జరిగింది కూడా చిలుకూరులోనే. ఈ చిలుకూరు కాదు, హుజూర్‌నగర్ దగ్గరిది. మావాడికి ఇదంతా చెబుతుంటే శ్రద్ధగా విని, ‘‘అంటే అప్పుడు ఏం మాట్లాడ్తరో ముందుగాల జెప్పాలె. ఇప్పుడు ఏం మాట్లాడినమో ఎనకకెళ్లి చూస్తరు’’ అన్నాడు. బీటెక్ చదివినా వాడికి బుర్ర ఉందని అప్పుడే నమ్మకం కలిగింది.

ఏం మాట్లాడామో చూసే యంత్రాంగం మన దగ్గరా తక్కువేం లేదు. వందమంది చేరే చోటల్లా సీసీ కెమెరా పెట్టాలని, 30 రోజుల దృశ్యాలు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో చట్టం వచ్చింది. బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టు 4న తెరుచుకుంది. ఆ కెమెరాల వల్ల గొలుసు దొంగలు దొరికారు, తప్పిపోయిన పిల్లలు దొరికారు. మా వీధిలోనూ చందాలేసుకుని పెట్టించాం, నేనూ ఇచ్చాను. అయితే 2021 మేలో, లాక్‌డౌన్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఎందుకని ఆయన అడిగారు. ముఖాల్ని గుర్తుపట్టే పరికరాలు ఏ చట్టం కింద వాడుతున్నారని హైకోర్టుకెక్కారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసిచ్చింది. అంతకుముందు 2021 అక్టోబరులో నగరంలో బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట వెతికిన వీడియోలు అందరం చూశాం. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా చెప్పి అప్పటికి నాలుగేళ్లు. 2017 ఆగస్టు 24న వచ్చిన ఆ తీర్పు వెనక ఉన్న పిటిషనరు పుట్టస్వామి, రిటైరైన జడ్జి. తొంభై దాటిన వయసులో ఆ కేసు గెలిచారు. కానీ బండి ఆపిన కానిస్టేబులుకి ఆ కేసు పేరు చెప్పే ధైర్యం ఇరవై ఏళ్లవాడికి ఎక్కడినుంచి వస్తుంది?

పార్టీల పేర్లు చెప్పి దీన్ని తేల్చేయడం తేలికే. కానీ ఆ లెక్క సరిపోవడం లేదు. 2020లో విశాఖ గ్యాస్ ప్రమాదం మీద ఫేస్‌బుక్‌లో రాసిన గుంటూరు పెద్దావిడకి సీఐడీ నోటీసిచ్చింది ఒక ప్రభుత్వం. 2024 చివర్లో సోషల్ మీడియా పోస్టుల మీద వరస అరెస్టులు చేసింది అక్కడే ఇంకో ప్రభుత్వం. మన దగ్గర 2025 మార్చిలో ఇద్దరు మహిళా యూట్యూబ్ జర్నలిస్టులను అరెస్టు చేశారు. ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి చెట్ల కోసం విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు, కంప్యూటర్ గీసిన ఒక బొమ్మను పంచుకున్నందుకు సీనియర్ ఐఏఎస్ అధికారిణికే పోలీసు నోటీసు వెళ్లింది. చెట్లు నరకడం ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆ బొమ్మ పంచుకున్న చిన్నవాళ్లు మాత్రం గప్‌చుప్‌గా దాన్ని తీసేసుకున్నారు. మావాడూ పంచుకున్నాడు.

బస్సు వచ్చేలోగా

మధ్యాహ్నం మళ్లీ అజీజ్‌నగర్ గేటుకి వచ్చాం. పొద్దున ఆడుతున్న నలుగురూ లేరు, వాళ్ల బెంచీ మీద వేరే నలుగురు. టీ చెప్పి, వాడు ఫోన్ తీసి సెట్టింగుల్లోకి వెళ్లాడు. ఇంటర్వ్యూకి ముందు ఖాతా ‘పబ్లిక్’ చెయ్యాలి కదా, ఇప్పుడే చేసేస్తా అన్నాడు. అంతకుముందు ఒక్కసారి చూడమని నాకిచ్చాడు. నాలుగేళ్ల కాలేజీ జీవితంలో మిగిలినవి పద్నాలుగు ఫొటోలు. ఫ్రెషర్స్ పార్టీ, దోసె, మర్రిచెట్టు, హిమాయత్‌సాగర్ గేట్లెత్తిన రోజు, హాస్టల్ దగ్గరి కుక్క, మళ్లీ దోసె. చూసినవాళ్లు ఎంత నెమ్మదైన పిల్లవాడో అనుకుంటారు. నాకు తెలిసిన మావాడు కాదు వాడు. ప్రతిదానికీ అడ్డంగా వాదించేవాడు, టీవీతో గొడవపడేవాడు, పబ్జీ పోయినప్పుడు రెండ్రోజులు అన్నం మానేసినవాడు వేరే.

‘‘మామా, ఒకటుంది’’ అన్నాడు. పదిహేనోది. దాచిపెట్టాడు, ఇంకా తీసెయ్యలేదు. కంచ గచ్చిబౌలిలో వాడే తీసిన నెమలి ఫొటో. కంప్యూటర్ బొమ్మ కాదు, నిజంగా తీసింది. కింద ఒక్క వాక్యం, చెట్లు ఉండనివ్వండి అని. దాని కింద నా కామెంటు. ‘శెభాష్ అల్లుడూ’ అని మొదలై, నాలుగు లైన్లు సర్కారును తిట్టాను.

‘‘నీది తీసెయ్యవా?’’ అన్నాడు మొహమాటంగా. నా ఫోన్లో తీసేశాను. రెండు సెకన్ల పని.

‘‘మరి ఫొటో?’’

మొయినాబాద్ వైపు నుంచి బస్సు హారన్ కొడుతూ వస్తోంది. టీ డబ్బులు కట్టి లేచాను. వాడు ఇంకా ఆ నెమలినే చూస్తున్నాడు.